ట్యాంకు నీళ్లు ఒక రోజుకా, ఎనిమిది రోజులకా?

2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీదుగా తీరం దాటిన ఆ రోజు సాయంత్రం, గాలి కాస్త నెమ్మదించగానే పెదవాల్తేరులోని మా అపార్ట్‌మెంటు మెట్ల మీద చేరిన వాళ్లందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: కరెంటు ఎప్పుడొస్తుంది? నీళ్ల గురించి ఎవరమూ అడగలేదు. పైన ట్యాంకు నిండుగానే ఉందని వాచ్‌మన్ చెప్పాడు, అంతటితో ఆ సంగతి వదిలేశాం.

మర్నాడు పొద్దున్నే మా వీధిలోకి వచ్చిన లైన్‌మన్, మా వైపుకు కరెంటు తెచ్చే ఫీడరు లైను మీద స్తంభాలు వరసగా పడిపోయాయనీ, వారం లోపు ఆశ పెట్టుకోవద్దనీ చెప్పి వెళ్లిపోయాడు. అరగంటలో నలభై ఫ్లాట్లలోనూ కొళాయిలు విప్పారు. నేనూ విప్పాను. రెండు డ్రమ్ములు, వాషింగ్ మెషీను తొట్టి, వంటింట్లో మూత ఉన్నవీ లేనివీ గిన్నెలన్నీ, చివరకు దేవుడి గదిలోని రాగి చెంబు కూడా నింపాను. పది గంటలకల్లా కొళాయిలోంచి నీటికి బదులు గాలి బుసకొట్టింది. అయిదో అంతస్తులో నెలల పిల్లతో ఉన్న దంపతులు రాత్రంతా కిటికీలోంచి కొట్టిన వాన ఎత్తిపోసి తెల్లవారుజామున నిద్రపోయారు. వాళ్లు లేచి కొళాయి తిప్పేసరికి ఇరవై వేల లీటర్ల ట్యాంకులో చుక్క లేదు.

ఈ లెక్కను నేను చాలా ఏళ్ల తరువాత కాగితం మీద వేసి చూశాను. నలభై ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు చొప్పున నూట అరవై మంది. మన పట్టణాలకు నీటి సరఫరా రూపొందించేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్క కడతారు. ఆ చొప్పున మా ట్యాంకు ఒక్క రోజుకు కూడా చాలదు. అంతర్జాతీయ సహాయ సంస్థలు శరణార్థి శిబిరాల్లో పాటించే కనీస ప్రమాణం మనిషికి రోజుకు 15 లీటర్లు, అంటే తాగడానికి, వండుకోవడానికి, ఒంటి శుభ్రానికి కలిపి. ఆ చొప్పున అదే ట్యాంకు, అదే నీరు, ఎనిమిది రోజులు వస్తుంది. ఒక రోజుకూ ఎనిమిది రోజులకూ మధ్య తేడా ఏ పరికరం వల్లా రాలేదు, డబ్బు వల్లా రాలేదు. ఆ సోమవారం పొద్దున ఎవరో ఒకరు మేడెక్కి వాల్వు కట్టేసి, ఇంటికి రెండేసి బిందెలు చొప్పున పంచి ఉంటే సరిపోయేది. ఆ పని చేసే అధికారం మాలో ఎవరికీ లేదు, ఎవరూ అడగలేదు, అడిగినా నేను ఒప్పుకునేవాణ్ణో లేదో చెప్పలేను.

దీర్ఘకాలం కరెంటు లేకపోతే ఎలా అన్న విషయం మీద ఈ మధ్య విరివిగా కనిపిస్తున్న వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఆ పది గంటల వేళే గుర్తుకొస్తుంది. ఈ వీడియోల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వచ్చినవి, లేదా వాటిని చూసి మనవాళ్లు చేసినవి. నేలమాళిగలో డబ్బాల తిండి, వాటికి కాపలాగా తుపాకి, ఊరికి దూరంగా ఎవరికీ తెలియని పొలం. వాటి వెనుక ఉన్న నమ్మకం ఏమిటంటే, దీపాలు ఆరిన మూడో రోజుకు పక్కింటివాడు శత్రువైపోతాడని. ఈ నమ్మకం పూర్తిగా గాలిలోంచి పుట్టిందని అనను. 1977 జులై 13 రాత్రి న్యూయార్కులో కరెంటు పోయినప్పుడు పదహారు వందలకు పైగా దుకాణాలు లూటీ అయ్యాయి, వేల మందిని అరెస్టు చేశారు. అదే న్యూయార్కులో 1965లోనూ, మళ్లీ 2003లోనూ అంతే చీకటి పడింది. ఆ రెండుసార్లూ నగరం మొత్తం మీద ప్రశాంతంగానే గడిచింది. 1977 నాటికి ఆ నగరం దివాలా అంచున ఉంది, ఉద్యోగాలు పోయాయి, పేటలకు పేటలు కాలిపోతున్నాయి. అప్పటికే విరిగి ఉన్న చోట చీకటి లోపలి పగుళ్లను బయట పెట్టిందే తప్ప, మంచి ఊరిని ఒక్క రాత్రిలో అడవిని చేయలేదు.

దానికి ఎదురుగా మన దగ్గర ఇంకొక ధోరణి ఉంది, అది నాకు ఇంకా ప్రమాదకరంగా తోస్తుంది. "కోతలు మనకు అలవాటే కదండీ, మనకేమవుతుంది" అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పల్లెలకు గంటల తరబడి కోతలు చూసిన తరం మాది కనుక, ఈ ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కానీ ఆ అలవాటు మనకు నేర్పింది నాలుగు గంటలు ఓపిక పట్టడం మాత్రమే. నాలుగు గంటల కోతకు మనం కనిపెట్టుకున్న మందు ఇన్వర్టరు, అది ఆగితే అపార్ట్‌మెంటు జనరేటరు. జనరేటరుకు డీజిల్ కావాలి, డీజిల్ కోసం బంకుకు వెళ్లాలి, బంకులో భూమిలోని ట్యాంకు నుంచి డీజిల్‌ను పైకి లాగే మోటారుకు కరెంటు కావాలి. సెల్ టవరుకు బ్యాటరీ కొన్ని గంటలే, తరువాత దానికీ డీజిలే. తుపాను మర్నాడు మా ఇంటి నుంచి నడుచుకుంటూ వెళ్లి చూసినప్పుడు, తెరిచి ఉన్న ఒకే ఒక బంకు ముందు క్యాన్లు పట్టుకున్న మనుషుల వరుస మూడు మలుపులు తిరిగి ఉంది. వరుసలో నిలబడ్డవాళ్లలో ఒక ఆసుపత్రి మనిషీ ఉన్నాడు, ఒక ఐస్ ఫ్యాక్టరీ మనిషీ ఉన్నాడు, అపార్ట్‌మెంటు లిఫ్టు కోసం వచ్చిన మా కార్యదర్శీ ఉన్నాడు. ముగ్గురికీ వరుస ఒక్కటే.

ఇంతకూ గ్రిడ్, అంటే విద్యుత్ కేంద్రాలనూ ఊళ్లనూ కలిపే లైన్ల వల, నెలల తరబడి కూలిపోవడం నిజంగా జరిగే పనేనా? దీనికి సూటిగా అవునని గానీ కాదని గానీ చెప్పేవాళ్లను నేను నమ్మను. 2012 జులై 30 తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్, మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కుప్పకూలినప్పుడు అరవై కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతాలకు కరెంటు పోయింది. ఢిల్లీ మెట్రో ఆగింది, రైళ్లు పట్టాల మీదే నిలిచిపోయాయి, పశ్చిమ బెంగాల్‌లో గని కార్మికులు లిఫ్టులు పనిచేయక భూమి లోపల చిక్కుకుపోయారు. ఆ రెండు రోజులూ దక్షిణాదిన మనకు ఏమీ కాలేదు. కారణం మన గొప్పతనం కాదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలో నడిచేది కాదు. మా ఊరి పక్క గాజువాకలో ఉన్నటువంటి హెచ్‌వీడీసీ కేంద్రాలు ఏసీ కరెంటును డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేసి అవతలికి పంపేవి. అటు ఫ్రీక్వెన్సీ, అంటే ఏసీ కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, తలకిందులైనా ఆ కుదుపు ఇటు దాటేది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్ కూడా జాతీయ గ్రిడ్‌తో కలిసింది. దానివల్ల లాభమే ఎక్కువ. ఒకచోట కొరత వస్తే దేశం ఇంకో మూల నుంచి సర్దవచ్చు, 2012 తరువాత రక్షణ ఏర్పాట్లు కూడా బాగా బిగించారు. అయితే కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకే 50 హెర్ట్జ్ నాడి కొట్టుకుంటున్నప్పుడు, ఒకచోటి జ్వరం మరోచోటికి పాకడానికి దారి కూడా అదే.

కూలిన గ్రిడ్‌ను లేపడం మీట నొక్కినంత తేలిక కాదు. కరెంటు తయారు కావాలంటే ముందు కరెంటు కావాలి. విశాఖ దగ్గరి సింహాద్రి లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రంలో బొగ్గు పిండి చేసే మిల్లులు, బాయిలరుకు గాలి కొట్టే ఫ్యాన్లు, నీరు ఎక్కించే పంపులు నడవనిదే టర్బైను తిరగదు. అందుకని చిన్న డీజిల్ జనరేటరుతో మేలుకోగలిగే జలవిద్యుత్ కేంద్రాన్ని ముందు లేపి, అక్కడి నుంచి ఒక లైను మీదుగా థర్మల్ కేంద్రానికి కరెంటు పంపి, తయారయ్యేదీ వాడేదీ తక్కెడలా సరితూగేట్టు చూసుకుంటూ ఒక్కొక్క ఊరినే వెలిగించుకు రావాలి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు మిట్టమధ్యాహ్నం కొన్ని క్షణాల్లో చీకటైపోతే, ఈ పని పూర్తి కావడానికి మర్నాటి తెల్లవారుజాము అయింది. పరికరాలు పాడు కాలేదు కాబట్టే అంత త్వరగా అయింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు పాడైతే కథ వేరు. ఒక్కొక్కటి రెండు వందల టన్నులు దాటే ఆ యంత్రాలు దుకాణంలో దొరికేవి కావు, ఆర్డరు ఇచ్చాక ఏడాదో అంతకంటే ఎక్కువో ఆగాలి. సూర్యుడి మీద పేలుళ్ల వల్ల భూమి అయస్కాంత క్షేత్రం కుదుపుకు లోనై, లైన్లలోకి అదనపు కరెంటు తోసే సౌర తుపానుల భయం ఇక్కడి నుంచే వస్తుంది. 1989 మార్చి 13న అలాంటి తుపాను కెనడాలోని క్విబెక్ గ్రిడ్‌ను తొంభై సెకన్లలో పడగొట్టింది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు ఆ ముప్పు తక్కువ. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉంది కూడా. అందుకని ఆ భయంతో నిద్ర పాడుచేసుకోమని నేను ఎవరికీ చెప్పను.

నా భయమల్లా మూడు వారాల గురించే. ఒక నగరానికో, రెండు మూడు జిల్లాలకో మూడు వారాలు కరెంటు లేకపోవడం ఊహ కాదు, మన తూర్పు తీరంలో జరుగుతూనే ఉన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు స్తంభాలూ నేలకొరిగాయి. అక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. ఒక్కసారి డయాలసిస్ చేయాలంటే శుద్ధి చేసిన నీరు సుమారు 120 లీటర్లు కావాలి, యంత్రానికి నాలుగు గంటలు కరెంటు ఆగకూడదు, వారంలో రెండు మూడుసార్లు ఇది జరగాలి. కరెంటు లేని మూడు వారాలంటే అలాంటి ఇంట్లో అర్థం ఏమిటో ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదు.

మరియా తుపాను తరువాత, అమెరికా పాలనలో ఉన్న కరీబియన్ ద్వీపం ప్యూర్టోరికోలో సరిగ్గా ఇదే జరిగింది. 2017 సెప్టెంబరు 20న ఆ ద్వీపం గ్రిడ్ మొత్తం పోయింది, చివరి ఇళ్లకు కరెంటు తిరిగి రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది. మొదట ప్రభుత్వం ప్రకటించిన మరణాలు 64. ఏడాది తరువాత, ప్రభుత్వమే కోరి చేయించిన అధ్యయనాన్ని బట్టి ఆ సంఖ్యను 2,975గా సవరించారు. ఆ మిగతా వాళ్లలో ఎక్కువ మందిని గాలి చంపలేదు, దోపిడీ దొంగలూ చంపలేదు. ఆక్సిజన్ యంత్రం ఆగిపోవడం, మందులు అందకపోవడం, ఆసుపత్రికి దారి లేకపోవడం లాంటివి నెలల తరబడి ఒక్కొక్కరినే తీసుకుపోయాయి. సమాజం కూలిపోవడం అంటే తుపాకుల మోత అని ఊహించుకునేవాళ్లు ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక. అదే ద్వీపంలో అద్హుంతాస్ అనే కొండ ఊళ్లో కాసా ప్యూబ్లో అనే ప్రజాసంఘం భవనం మీద 1999 నుంచీ సౌర పలకలు ఉన్నాయి. తుపాను తరువాత ఆ ఒక్క భవనం ఊరంతటికీ దిక్కయింది. జనం వచ్చి శ్వాస యంత్రాలు, ఫోన్లు ఛార్జి చేసుకుని వెళ్లారు.

సౌర పలకలంటే గుర్తొచ్చింది. నా స్నేహితుడొకడు నిరుడు సబ్సిడీ మీద మూడు కిలోవాట్ల పలకలు మేడ మీద పెట్టించుకుని, ఇక తనకు కరెంటుతో పని లేదని మురిసిపోయాడు. మొన్న ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది, నెత్తి మీద ఎండ మాడ్చేస్తోంది, ఇంట్లో ఫ్యాను తిరగలేదు. అమ్మినవాళ్లు మోసం చేశారని వాడు నా దగ్గర గొడవ పెట్టుకున్నాడు. మోసమేమీ లేదు. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సౌర ఇన్వర్టరు గ్రిడ్ పోగానే తానూ ఆగిపోవాలి, లేకపోతే స్తంభమెక్కి పని చేసే లైన్‌మన్‌ను ఆ కరెంటే చంపుతుంది. చీకటి రోజుల కోసమే పెట్టించుకునేవాళ్లు బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు గురించి ముందే అడగాలి. దాని ఖరీదు ఎక్కువే. అపార్ట్‌మెంటులో నలభై మందీ కలిసి ఒకటి పెట్టుకుంటే మాత్రం భరించలేనంత కాదు, మా ట్యాంకు మోటారు ఒక గంట తిప్పడానికి, ఫోన్లకు, ఎవరికైనా ఆక్సిజన్ యంత్రం ఉంటే దానికి సరిపోతుంది.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో చలికి గ్రిడ్ కుంగినప్పుడు, ఇంకో నాలుగు నిమిషాల ముప్పై ఏడు సెకన్లు గడిచి ఉంటే మొత్తం కూలిపోయేదని ఆ గ్రిడ్ నడిపేవాళ్లే తరువాత చెప్పారు. వాడి ఇంట్లో పొయ్యి, హీటరు, నీళ్లు అన్నీ కరెంటువే. కరెంటు లేని ఆ రెండు రాత్రులూ, గ్యాస్ పొయ్యి ఉన్న ఒక తెలుగువాళ్లింట్లో నాలుగు కుటుంబాలు చేరి, ఒకే గదిలో పడుకుని, అన్నం చారుతో గడిపాయి. వాడి గ్యారేజీలో ఏడాది పాటు సరిపడా బియ్యం ఉంది, కానీ వండుకునే దారి లేదు. ఆ బియ్యం బస్తా మోసుకునే ఆ ఇంటికి వెళ్లాడు.

చేత్తో చేసుకునే దారి ఒకటి మిగిలి ఉండటం ఎంత విలువైనదో ఉక్రెయిన్ ఉదాహరణ చెబుతుంది. 2015 డిసెంబరు 23న అక్కడి పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి చొరబడినవాళ్లు దూరం నుంచే బ్రేకర్లు, అంటే లైన్లను కలిపే పెద్ద స్విచ్‌లు, తెరిచి, రెండు లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు ఆపేశారు. కంప్యూటర్లు చేతికి రాకపోయినా, సిబ్బంది బళ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేసి కొన్ని గంటల్లోనే కరెంటు తెచ్చారు. చేత్తో వేసే వీలు ఆ పాత సామాన్లలో ఇంకా ఉంది కాబట్టి, వేయడం తెలిసిన మనుషులు ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది.

మాకు ఆ దారి ఎదురింటి నుయ్యి. మా అపార్ట్‌మెంటుకు ఎదురుగా అప్పట్లో ఒక పెంకుటిల్లు ఉండేది, అందులో ఒక మామ్మగారు ఒక్కరే ఉండేవారు. పెరట్లో రాతి ఒరల నుయ్యి, దాని మీద తుప్పు పట్టిన ఇనప గిలక, తోడేటప్పుడల్లా కీచుమని వీధి చివరకు వినిపించేది. ట్యాంకు ఎండిన ఆ సోమవారం మొదట అక్కడికి వెళ్లింది అయిదో అంతస్తు దంపతులు. వాళ్ల వెనుక మేమందరం, చేతుల్లో ప్లాస్టిక్ బక్కెట్లతో. ఎవరో డబ్బు తీసి ఇవ్వబోతే ఆవిడ, "నీళ్లకి డబ్బులేటి బాబూ, తోడుకెళ్లండి. చేద మాత్రం నూతిలో వదిలీకండి" అన్నారు. మాలో సగం మందికి చేద వేయడం రాదు. బక్కెట్టు నీటి మీద తేలిపోతుందే గాని మునగదు. చాంతాడును ఒక్కసారి వదులు చేసి, మణికట్టు పక్కకు విదిలిస్తే అది ఒరిగి మునుగుతుందని ఆవిడే చేసి చూపించారు. రెండో రోజుకు అక్కడ వరుస దానంతట అదే ఏర్పడింది, పొద్దున ముసలివాళ్ల ఇళ్లకు, తరువాత పిల్లలున్న ఇళ్లకు, ఆపైన మిగతా వాళ్లకు. మా ట్యాంకు దగ్గర లేని క్రమం నూతి దగ్గర ఎలా వచ్చిందో నేను చాలాసార్లు ఆలోచించాను. ట్యాంకు నీరు ఎవరి కంటికీ కనబడదు, కొళాయి ఎవరి ఇంట్లో వాళ్లకే ఉంటుంది. నూతి దగ్గర మాత్రం ఎవరు ఎన్ని చేదలు తోడుకున్నారో అందరికీ కనబడుతుంది, పైగా నూతికి ఒక యజమానురాలు ఉంది.

ఆ రోజుల్లో మాకు పప్పూ ఉప్పూ ఇచ్చింది వీధి చివరి కిరాణా కొట్టు. ఏటీఎంలు పని చేయకపోయినా, ఆయన ఖాతా పుస్తకంలో పేరు రాసుకుని సరుకు ఇచ్చాడు. పాల ప్యాకెట్లను రెట్టింపు ధరకు అమ్మినవాళ్లూ ఆ వీధిలోనే ఉన్నారు, అది కూడా చెప్పాలి. ఇప్పుడు ఆ కొట్టు లేదు, మేము పది నిమిషాల్లో తెచ్చే యాప్‌కు అలవాటు పడ్డాం, జేబులో రెండు వందల నోటు కూడా ఉండటం లేదు. ఫోను ఆగితే మా డబ్బూ మా అంగడీ రెండూ ఒకేసారి మూతపడతాయి, మొహం చూసి అరువిచ్చేవాడు ఎవరూ మిగలలేదు. నగరానికి వచ్చిన మార్పుల్లో మంచివీ ఉన్నాయి. హుద్‌హుద్ తరువాత ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో కొన్ని ప్రాంతాలకు భూగర్భ కేబుళ్లు వేశారు, రేపటి తుపానుకు ఆ వీధుల్లో స్తంభాలు పడవు. ప్రభుత్వం చేయవలసిన పని అటువంటిదే. మా మెట్ల మీద జరగవలసిన పనిని మాత్రం ఏ బ్యాంకూ చేసి పెట్టదు.

మామ్మగారు పోయాక పిల్లలు ఆ స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చారు. నూతిని మట్టితో పూడ్చి, దాని మీద స్టిల్టు పార్కింగు కట్టారు.

పోయిన నెల మా అసోసియేషను సమావేశంలో ఈ సంగతులన్నీ ఎత్తాను. కొందరు నవ్వారు, యుద్ధం వస్తుందా సార్ అని ఒకాయన అడిగారు. అయినా కొన్ని పనులు జరిగాయి. రెండు రోజులకు మించి కరెంటు రాదని తెలిస్తే వాల్వు కట్టేసి పూటకు ఒకసారి పంచాలని తీర్మానం రాసుకున్నాం, తాళం చెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి అయిదో అంతస్తులో ఉంటుంది. ఎవరింట్లో ఇన్సులిన్ వాడతారో, ఎవరికి లిఫ్టు లేకపోతే కుదరదో ఒక నర్సు గారు పుస్తకంలో రాసి పెట్టారు. వాడుకలో ఉన్న చాలా రకాల ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్ లేకపోయినా చల్లని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తాయనీ, తడి గుడ్డ చుట్టిన మట్టి కుండలో ఉంచుకోవచ్చనీ ఆవిడే చెప్పారు. డాలస్ తమ్ముడి కథ విన్నాక, ఇండక్షన్ పొయ్యి ఒక్కటే ఉన్న రెండు ఇళ్లవాళ్లు గ్యాస్ సిలిండరుకు దరఖాస్తు పెట్టారు.

చేతిపంపు సంగతే తేలలేదు. మోటారు బోరులో అది వేయడం కుదరదు, దానికి వేరే బోరు తవ్వాలి, నీరు మరీ లోతున ఉంటే చెయ్యి లాగలేదు. బోరు మేస్త్రీ వచ్చి ఆవరణ అంతా తిరిగి, నీరు పైపైనే దొరికే చోటు ఇక్కడ ఒక్కటే కనబడుతోందని సున్నంతో గుండ్రంగా గీత గీసి వెళ్లాడు. అది నా కారు నిలిపే చోటు. కారు ఎక్కడ పెట్టుకోవాలో నేను ఇంకా ఎవరినీ అడగలేదు.